చిన్న కంప్యూటర్ కేస్‌లో వాటర్ కూలింగ్ మొరాయిస్తే

గేమ్ పెట్టిన కాసేపటికే ప్రాసెసర్ 95 డిగ్రీలు దాటుతోందంటే ముందు నల్లగొండ ఎండను తిట్టకండి, నీళ్లు తిప్పే పంప్ మీద వేలు పెట్టి చూడండి. సన్నగా అదురు తెలియాలి. తెలియకపోతే వైరు ఊడిందేమో, బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ చేయగానే తెరుచుకునే సెట్టింగుల్లో) పంప్ స్పీడ్ తగ్గించి ఉందేమో చూసుకోండి. గలగల చప్పుడు వస్తోందంటే మాత్రం లోపల గాలి ఇరుక్కున్నట్టే. చిన్న కేస్‌లో నీళ్ల వేడిని బయటికి వదిలే రేడియేటర్‌ను ఎక్కడో మూలకు ఇరికిస్తాం కాబట్టి బుడగలు పైకి రావడానికి దారి దొరకదు. రిజర్వాయర్ (నీళ్లు పోసే చిన్న ట్యాంకు) నింపి, మూత బిగించి, మదర్‌బోర్డుకు కరెంటు లేకుండా పంప్ ఒక్కటే తిప్పుతూ కేస్‌ను మెల్లగా అటూ ఇటూ వంచండి, మట్టం తగ్గితే ఆపి మళ్లీ పోయండి. పొడిగా తిరిగితే పంప్ పాడవుతుంది.

పనిలో పనిగా పైపులు బిగించే ఫిట్టింగుల కింద టిష్యూ పేపర్ పరిచి రాత్రంతా వదిలేస్తే లీకుంటే తడి కనిపిస్తుంది.

ఇక నీళ్లు. బోరు నీళ్లు అసలు వద్దు, ఫ్లోరైడ్ సంగతి అటుంచి, బకెట్ అంచుకు పట్టే ఆ తెల్ల పొరే ప్రాసెసర్ మీద కూర్చునే బ్లాక్‌లోని వెంట్రుకంత సందుల్లోనూ పేరుకుంటుంది. రెడీమేడ్ కూలెంట్ (ఇందుకోసమే అమ్మే ద్రవం) పోస్తే టెన్షన్ ఉండదు. రాగి బ్లాక్‌కు అల్యూమినియం రేడియేటర్ జతచేసి ఉంటే మార్చేయండి, ఆ రెండూ కలిస్తే అల్యూమినియం తుప్పు పట్టి తినుకుపోతుంది.