వాలు నేలలో ఇంటి క్షేత్రం: కాంటూరు కందకం ఎలా తవ్వాలి?

పర్మాకల్చర్ పద్ధతిలో, అంటే ప్రకృతి తీరును అనుసరించి ఏళ్ల తరబడి నిలిచేలా సాగు చేస్తూ, ఇంటికి సరిపడా పండించుకుందామని స్థలం కొన్న వారంలోనే చాలామంది చేసే పని, నర్సరీకి వెళ్లి బండెడు మొక్కలు తెచ్చి నాటేయడం. వానలు పడ్డాక గానీ నీళ్లు ఎటు పారుతున్నాయో తెలియదు. అప్పటికి ఆ దారిలో చెట్లు ఎదిగి కూర్చుంటాయి. ఆస్ట్రేలియా రైతు పి.ఎ. యోమన్స్ 1950లలోనే దీనికి ఒక వరస చెప్పారు: ముందు నీళ్లు, తర్వాత బాటలు, ఆ తర్వాత చెట్లు, కట్టడాలు, కంచెలు. ఒకసారి చేశాక మార్చడం ఏది ఎక్కువ కష్టమో అది ముందుండాలి. 1970లలో పర్మాకల్చర్‌కు రూపమిచ్చిన బిల్ మాలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్‌లు కూడా ఈ ఆలోచనను వాడుకున్నారు. సర్పిలాకారంలో ముద్దుగా రాళ్లు పేర్చిన ఆకుల మడి ఫొటోలకు బాగుంటుంది గానీ, దానికీ నీళ్లు కావాలి. వాలు నేలలో ఆ నీళ్లను ఆపేదే కాంటూరు కందకం: వాలుకు అడ్డంగా, పొడవునా ఒకే ఎత్తులో తవ్వి, వాననీళ్లను అక్కడే ఇంకించేది.

కావలసినవి: రెండు మీటర్ల నిటారు కర్రలు రెండు, మీటరుంపావు అడ్డకర్ర ఒకటి, దారం, గుప్పెడంత రాయి, మేకులు, గుర్తుకు పాతడానికి పుల్లలు, పార, గడ్డపార, తట్ట.

మొదట, జోరుగా వాన పడుతున్నప్పుడు గొడుగు వేసుకుని స్థలమంతా తిరగండి. నీళ్లు ఎక్కడ లోపలికి వస్తున్నాయి, ఎక్కడ చేరుతున్నాయి, ఎక్కడ మట్టిని కోస్తున్నాయి అన్నవి కాగితం మీద గీసుకోండి. ఇది ఎండలో చేసే పని కాదు.

తర్వాత, అసలు తవ్వకూడని చోట్లేవో చూడండి. వంద మీటర్ల దూరంలో 15 మీటర్లకు మించి దిగే వాలైతే కందకం జోలికి వెళ్లొద్దు. అక్కడ దట్టంగా చెట్లు పెంచడమే మంచిది. ఇంటి పునాదికి ఎగువన, సెప్టిక్ ట్యాంకు దగ్గర తవ్వొద్దు. మట్టినీ పరీక్షించండి. గోళీకాయంత ఎండు బెడ్డను గ్లాసెడు వాననీటిలో మెల్లగా వదిలి, కదపకుండా రెండు గంటలు ఉంచండి. బెడ్డ విడిపోయి అడుగున కుప్పగా పడితే ఫర్వాలేదు. దాని చుట్టూ పాలు కలిసినట్టు తెల్లగా మబ్బు కమ్మితే ఆ బంకమట్టిలో సోడియం ఎక్కువుందని అర్థం. అలాంటి మట్టితో వేసిన గట్టు లోపల్లోపలే కరిగి బొరియలు పడుతుంది, పైకి ఏమీ కనిపించదు.

ఇక అందరూ చెడగొట్టే పని, మట్టం చూడటం. కందకం పొడవునా ఒకే ఎత్తులో ఉండాలి. కొంచెం వాలినా అది నీళ్లను ఇంకించే కందకం కాదు, కాలువ. కంటికి సమంగా కనిపించేది చాలాసార్లు సమం కాదు. కొండ వాలు కంటిని మోసం చేస్తుంది. లేజర్ పరికరం ఉంటే వాడుకోండి, కానీ ఈ పనికి ఎ-ఫ్రేమ్, అంటే ఇంగ్లిష్ A అక్షరంలా కర్రలతో చేసుకునే చట్రం, చాలు. బ్యాటరీ అయిపోవడమంటూ ఉండదు.

రెండు కర్రల కొనలు మేకుతో కలిపి, కాళ్లు రెండు మీటర్ల దూరంలో పెట్టి, నడుమ అడ్డకర్ర బిగించండి. పైమేకు నుంచి రాయి కట్టిన దారం వేలాడదీయండి. రాయి అడ్డకర్రకు కిందే ఉండాలి. తేలిక రాయైతే గాలికి ఊగుతూ ప్రాణం తీస్తుంది. కాళ్ల కింద రెండు పలకరాళ్లు పెట్టి, దారం అడ్డకర్రను దాటిన చోట గీత గీయండి. ఫ్రేమును తిప్పి, ఎడమ కాలున్న రాయి మీద కుడికాలు, కుడికాలున్న రాయి మీద ఎడమకాలు పెట్టి ఇంకో గీత గీయండి. రెండు గీతలకూ సరిగ్గా నడిమి చోటే మట్టం గుర్తు. మొదటి గీతనే మట్టమని నమ్మి పని మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ, అక్కడే పని పాడవుతుంది.

ఇప్పుడు మొదటి పుల్ల పాతి దాని దగ్గర ఒక కాలు పెట్టండి. దారం గుర్తు మీదికి వచ్చేదాకా రెండో కాలును పైకీ కిందికీ జరిపి, అక్కడ రెండో పుల్ల పాతండి. ఆ కాలును కదపకుండా మొదటి కాలును ముందుకు తిప్పండి. ఫ్రేమును ఎత్తుకుని అదే వరసలో పక్కకు జరపకండి. గుర్తు కాస్త తప్పి అడుగుకు సెంటీమీటరు ఎత్తు తేడా వచ్చినా, జరుపుకుంటూ పోతే ప్రతి అడుగుకూ అది పేరుకుని, 30 మీటర్లకు 15 అడుగులు వేసేసరికి 15 సెంటీమీటర్లవుతుంది. తిప్పుకుంటూ వెళ్తే ఒక అడుగులో వచ్చిన తప్పు తర్వాతి అడుగులో కొట్టుకుపోతుంది. గడ్డి దుబ్బుల మీద, గుంటల్లో కాలు పెట్టకండి.

తవ్వడం సులువే. పైన మీటరు, అడుగున 40 సెంటీమీటర్లు వెడల్పు, 40 సెంటీమీటర్ల లోతు. మట్టినంతా పల్లపు వైపే వేసి గట్టు చేయండి. ప్రతి రెండు మీటర్లకు అడుగున కూడా ఫ్రేము పెట్టి చూడండి.

గట్టు తెగేది చాలావరకు అలుగు లేకనే. లెక్క చూడండి. పైన చెప్పిన కొలతలతో 30 మీటర్ల కందకంలో దాదాపు 8,400 లీటర్లు పడతాయి. ఎగువన 1,000 చదరపు మీటర్ల నేల ఉంటే 50 మిల్లీమీటర్ల వానకు దాని మీద పడేది 50,000 లీటర్లు. అందులో అయిదో వంతు పారినా 10,000. కందకం నిండుతుందా లేదా అన్న సందేహమే అక్కర్లేదు. మిగిలిన నీళ్లు మీరు చూపిన దారిన పోకపోతే, గట్టులో ఎక్కడ పల్లముంటే అక్కడ తెంచుకుని పోతాయి.

అలుగును గట్టు మీద కట్టకూడదు. మట్టి వేయకుండా మీటరున్నర ఖాళీ వదిలి, తవ్వని గట్టి నేల మీదే నీళ్లు పొర్లేలా చేయాలి. అలుగు పొడవునా మట్టం ఒక్కటే ఉంటే నీళ్లు పలచగా జారతాయి. ఒక మూల పల్లమైతే అక్కడే గండి కోస్తాయి. రాళ్లు పరచండి, దిగువన గడ్డి ఉండనివ్వండి. గట్టు అలుగు కంటే కనీసం 30 సెంటీమీటర్లు ఎత్తుండాలి, ఎందుకంటే వదులు మట్టి ఒక వానకాలంలోనే కుంగుతుంది.

మిగతావన్నీ దీని తర్వాతే. గట్టు మీదా దాని దిగువనా పండ్ల చెట్లు, వాటి మధ్య గాలిలోని నత్రజనిని నేలకు పట్టించే చిక్కుడు జాతి చెట్లు నాటండి. రోజూ తెంపే ఆకుకూరలు వంటగది గుమ్మం పక్కన, కోళ్లు వాటికి కాస్త అవతల, వారానికోసారి చూస్తే సరిపోయే చెట్లు చివరన. కంపోస్టు కుప్ప ఘనపు మీటరుకు తగ్గితే సాధారణంగా సరిగా వేడెక్కదు.

తొలి పెద్దవాన తర్వాత కందకం అంచున నీళ్లు ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకే గీతలా తాకుతున్నాయేమో చూడండి. తేడా ఉన్న చోట అడుగు మళ్లీ చెక్కండి. మూడు రోజులకూ ఇంకకపోతే అడుగును గడ్డపారతో గుల్ల చేయండి. వారం దాటి నిలిచిన నీళ్లలో దోమలు రెక్కలొచ్చి ఎగిరిపోతాయి.