రోబోగా మారే ఫైటర్ జెట్ బొమ్మలు: మన ఉక్కపోతలో కొనడం, మార్చడం, దాచడం

ఈ బొమ్మల్లో విరిగినవాటిలో ఎక్కువ భాగం కింద పడి విరిగినవి కావు. మోడ్ మార్చేటప్పుడు, అంటే విమానాన్ని రోబోగానో రోబోను విమానంగానో మార్చేటప్పుడు, చేతిలోనే విరిగినవి. మిగిలినవాటిని ఉప్పుగాలి, వేడి, తప్పుడు నూనె, కలరా ఉండలు పాడుచేస్తాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇవన్నీ ఒకే ఇంట్లో ఉంటాయి కాబట్టి, బయటివాళ్లు చెప్పే సలహాలు మనకు సగమే పనికొస్తాయి.

ఏది కొనాలి

ముందు రెండు వంశాలను వేరుగా చూడాలి. ఒకటి మాక్రాస్ అనే కార్టూన్ సీరియల్లోని వాల్కిరీలు, అంటే రోబోగా మారే జెట్లు. మాక్రాస్ సీరియల్ జపాన్‌లో 1982 అక్టోబర్‌లో మొదలైంది. అందులోని వీఎఫ్-1 అనే వాల్కిరీని డిజైన్ చేసింది షోజి కవామోరి. చూడగానే అమెరికా యుద్ధవిమానం ఎఫ్-14 గుర్తొస్తుంది, రెక్కలు కూడా దానిలాగే వెనక్కి మడుచుకుంటాయి. దీనికి మూడు రూపాలున్నాయి: విమానం ఫైటర్, కాళ్లూ చేతులూ వచ్చిన విమానం గెర్వాక్, నిలబడిన రోబో బ్యాట్రాయిడ్. రెండో వంశం ట్రాన్స్‌ఫార్మర్స్ జెట్లు. 1984లో వచ్చిన స్టార్‌స్క్రీమ్ అంతకుముందు టకారా అనే జపాన్ కంపెనీ వాళ్ల డయాక్లోన్ వరుసలోని ఎఫ్-15 బొమ్మ. దానికి రెండే రూపాలు. ఈ రెండు వంశాలూ కలిసిన చోటు ఒకటుంది: టకటోకు కంపెనీ 1/55 వీఎఫ్-1 అచ్చుతో తయారైన బొమ్మనే 1985లో ట్రాన్స్‌ఫార్మర్స్ అమ్మే కంపెనీ హాస్‌బ్రో జెట్‌ఫైర్ పేరుతో అమ్మింది. పాత జెట్‌ఫైర్‌కి, పాత వాల్కిరీకి ఒకే జబ్బులు కనిపించేది అందుకే.

సైజు తెలియాలంటే స్కేలు చూడాలి. కథలో వీఎఫ్-1 పొడవు 14.23 మీటర్లు. 1/100 అయితే బొమ్మ సుమారు 14 సెంటీమీటర్లు, 1/72 అయితే 20, 1/60 అయితే 24, 1/48 అయితే దాదాపు 30. మొదటిసారి కొనేవారికి 1/60 సరిపోతుంది. చేతి వేళ్లకు భాగాలు అందుతాయి, అల్మరాలోనూ పడుతుంది. 1/100 చవకే గానీ, పెగ్గులు (భాగాలను బిగించే చిన్న మేకులు) మరీ సన్నగా ఉంటాయి, తీసి పెట్టేటప్పుడు భయపడాలి.

రోజూ మార్చి ఆడాలనుకుంటే ట్రాన్స్‌ఫార్మర్స్‌లో వాయేజర్ సైజు తీసుకోండి. జాయింట్లు లావుగా ఉంటాయి. సంక్రాంతికి ఇంటికొచ్చే పిల్లల చేతికి ఇవ్వదగినది అదే. వాల్కిరీ పెట్టె మీద 15 ఏళ్లు అని ఉంటే అది పెద్దవాళ్ల బొమ్మ అని అర్థం. పిల్లలు అడిగినా ఇవ్వకండి.

విదేశం నుంచి తెప్పించేవారు పన్ను లెక్క వేసుకోవాలి. బొమ్మల మీద కస్టమ్స్ సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. 2021 జనవరి నుంచి 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు కూడా తప్పనిసరి అయింది. కొనే రోజున ఎంత ఉందో చూసుకుని, బొమ్మ ధరకు షిప్పింగూ సుంకమూ కలిపాకే చేతిలో డబ్బు సరిపోతుందో లేదో తేల్చుకోండి.

పాతది కొంటే ఫొటోలు ఇవే అడగాలి: రెండు భుజాల హింజులూ (మడిచే కీళ్లు) దగ్గరగా, కాళ్లు తుంటి దగ్గర కలిసే చోటు, కాక్‌పిట్ గాజు, చక్రాల గేర్ మూడూ కిందికి దించి, తల మీది లేజర్ గొట్టాలు, వెనక తోక రెక్కలు. పాత స్టార్‌స్క్రీమ్‌లో పిడికిళ్లు, రెక్కలు, తోక రెక్కలు, మిసైల్ లాంచర్లు ఊడి వచ్చే భాగాలే, అందుకే ముందు పోయేవీ అవే. ఒక్కొక్కటీ ఫొటోలో లెక్కపెట్టండి. బంగారు రంగు చారలు కలిసిన ప్లాస్టిక్ ఉన్న పాత బొమ్మ అయితే మోడ్ మార్చనే వద్దు. ఆ ప్లాస్టిక్ ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కి, ముట్టుకుంటే బెల్లం అచ్చులా పొడి అవుతుంది. దానికి మందు లేదు.

నకలు గుర్తుపట్టడానికి మొదట చూడాల్సింది కంపెనీ ముద్ర. అసలు బొమ్మ అడుగునో కాలి లోపలో కంపెనీ పేరు, ఏడాది, తయారైన దేశం అచ్చులోనే పోసి ఉంటాయి. నకలులో అక్కడ చదునుగా గీకేసిన గుర్తు కనిపిస్తుంది. పెట్టె తెరవగానే ఘాటు వాసన, మెత్తని రెక్కలు, గీత దాటి పారిన రంగు కూడా అనుమానించదగినవే.

పెట్టె తెరిచిన రోజు

పార్సిల్ మండుటెండలో తిరిగి వచ్చి ఉంటుంది. ఫ్యాన్ కింద మూడు నాలుగు గంటలు మూసే ఉంచండి. ఏసీ గదిలోంచి ఉక్కగా ఉన్న హాల్లోకి తెచ్చినా ఇదే పద్ధతి: వెంటనే తెరిస్తే లోహ భాగాల మీద చెమట పడుతుంది.

టేబుల్ మీద లేత రంగు తువాలు పరవండి. ఊడిన పెగ్గు దొర్లిపోదు, కనిపిస్తుంది కూడా. విప్పే ముందు ట్రేలో ఏది ఎక్కడుందో నాలుగు ఫొటోలు తీసుకోండి. తిరిగి సర్దేటప్పుడు అవే దారి చూపిస్తాయి.

మోడ్ మార్చే వరుస

కంపెనీ ఇచ్చిన కాగితం జపనీస్‌లో ఉన్నా బొమ్మలు చాలు, దాన్ని పక్కనే పెట్టుకోండి. ఒక్కో తయారీలో చిన్న తేడాలుంటాయి. వీఎఫ్-1 1/60 తరహాలో పని సాధారణంగా ఇలా సాగుతుంది.

ముందు తుపాకీ, రెక్కల కింద మిసైళ్లు తీసేయాలి, గేర్ లోపలికి మడవాలి. చాలామంది దీన్ని వదిలేస్తారు. మిసైల్ రెక్కకు ఉండగా కాలు దించితే రెక్క మొదట్లో ఒత్తిడి పడి తెల్లటి గీత వస్తుంది. ప్లాస్టిక్ తెల్లబడిందంటే అది సగం విరిగినట్టే.

తర్వాత కాళ్లు, అంటే ఇంజన్లు. వాటిని విమానం పొట్టకు పట్టి ఉంచే చిన్న నాలుకలు ముందు వదలాలి, ఆపైన కాలు కిందికి దించాలి. మోకాలి దగ్గర కొంచెం లాగితే కాలు పొడవై టక్‌మంటుంది. ఆ చప్పుడు రాకుండా మడిస్తే మోకాలి పళ్లు అరుగుతాయి. కాళ్ల మధ్యనున్న చేతులు ఇప్పుడు బయటికి వస్తాయి. పాదాలు విప్పి నిలబెడితే గెర్వాక్.

ఇక్కడినుంచి బ్యాట్రాయిడ్‌కి వెళ్లేటప్పుడే ప్రమాదం ఎక్కువ. రెక్కలు పూర్తిగా వెనక్కి, తోక రెక్కలు లోపలికి, ఆ తర్వాతే వీపు సంచి, అంటే రోబో వీపున కూర్చునే వెనక భాగం, పైకి. ముక్కు కిందికి వంగాలి, కాళ్లు కడ్డీ మీద ముందుకు జరిగి ముక్కుకు రెండు పక్కలా టక్‌మని కూర్చోవాలి. కవచం జరిగి కాక్‌పిట్‌ను కప్పుతుంది, పొట్ట కిందున్న తల తిరిగి పైకొస్తుంది. తల తిప్పేటప్పుడు లేజర్ గొట్టాలు దేనికైనా తగులుతున్నాయేమో పక్క నుంచి చూడండి. పై నుంచి చూస్తే కనిపించదు.

ఇప్పుడు భుజం. మొత్తం బొమ్మలో అతి బలహీనమైన చోటు ఇదే. మినపగింజంత హింజ్, దాన్ని దాటి వెళ్లే సన్నని లోహపు పిన్ను, ఆ పిన్ను చుట్టూ పలచని ప్లాస్టిక్ గోడ. చేయి మొత్తం బరువు, మనం ముంజేయి పట్టి లాగిన బలం రెండూ ఆ గోడ మీదే పడతాయి. ముంజేయి పొడవు గునపంలా పనిచేసి, వేలితో పెట్టిన చిన్న బలాన్ని హింజ్ దగ్గర పెద్దది చేస్తుంది. అందుకని చేయి తిప్పాలంటే ముంజేయి ముట్టుకోకండి. బొటనవేలు, చూపుడువేలితో హింజ్‌కి ఆనుకుని ఉన్న భుజం దిమ్మెనే పట్టుకోండి, రెండో చేత్తో ఛాతీ దన్ను పట్టండి. అడ్డం తగిలితే ఆగి, వెనక్కి తీసుకెళ్లి, ఏ నాలుక వదల్లేదో చూడండి. బిగువు వేరు, అడ్డం వేరు. బిగువు మొదటినుంచీ ఒకేలా ఉంటుంది. అడ్డం ఒక్కసారి గట్టిగా తగులుతుంది. వేలికి ఈ తేడా రెండు మూడు సార్లలోనే పట్టుబడుతుంది.

తిరిగి ఫైటర్‌కి మార్చేటప్పుడు ఇదే వరుసను కింది నుంచి పైకి చేయాలి. చివర్లో నాలుకలన్నీ కూర్చున్నాయో లేదో బొమ్మను దీపం ముందు పట్టి చూడండి. కాలికీ పొట్టకూ మధ్య వెలుతురు సందు కనిపిస్తే ఏదో ఒక నాలుక బయటే ఉంది.

బిగుసుకుంటే, వదులైతే

బిగుసుకున్న జాయింట్‌కి కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె, తుప్పు వదిలించే స్ప్రే పెట్టకండి. వంటనూనెల కొవ్వు, పెట్రోలియం నూనెలు ఒత్తిడిలో ఉన్న ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్‌లోకి దిగి చీలికలు తెస్తాయి. ఆ రోజు బాగానే తిరుగుతుంది, నెల తర్వాత పిన్ను చుట్టూ వెంట్రుకంత పగులు కనిపిస్తుంది. పెట్టదగినది సిలికాన్ నూనె, అదీ సూది మొనతో ఒక్క బొట్టు. ముందు హెయిర్ డ్రయ్యర్‌తో ఒక చెయ్యి దూరం నుంచి 20, 30 సెకన్లు వెచ్చబెట్టి చూడండి. చాలాసార్లు అదే చాలు.

వదులైన బంతి జాయింట్‌కి ఫెవికాల్ పనిచేస్తుంది. బంతి ఊడదీసి, నీళ్లు సగానికి సగం కలిపిన ఫెవికాల్ పలచగా పూసి, 24 గంటలు ఆరనిచ్చి తిరిగి పెట్టండి. నచ్చకపోతే గోరువెచ్చని నీళ్లతో కడిగేయవచ్చు. కానీ మన వానాకాలంలో అది మెత్తబడుతుంది. ఎప్పటికీ నిలవాలంటే పలచని సూపర్ గ్లూ పూయాలి, పూర్తిగా ఆరాకే బిగించాలి. తడి గాలిలో సూపర్ గ్లూ త్వరగా గట్టిపడుతుంది, దాని ఆవిరి గాజు భాగాల మీద తెల్లని పొరలా పడుతుంది. అందుకే కాక్‌పిట్ ఉన్న భాగాన్ని ఆ గదిలోనే ఉంచకండి. గోళ్ల రంగు పూయమని చాలామంది చెబుతారు. అందులోని ద్రావకం ఏబీఎస్‌ను కరిగిస్తుంది, వద్దు.

స్క్రూలు విప్పాల్సి వస్తే జపాన్ బొమ్మలకు జేఐఎస్ (జపాన్ ప్రమాణం) మొన ఉన్న స్క్రూడ్రైవర్ వాడండి. మామూలు ఫిలిప్స్ మొన జారి తలను గుండ్రం చేస్తుంది. బిగించేటప్పుడు ముందు వెనక్కి తిప్పండి. పాత మర దొరికినప్పుడు టిక్‌మని కూర్చుంటుంది, అప్పుడు ముందుకు తిప్పాలి. లేదంటే కొత్త మర పడి పాతది పాడవుతుంది.

విరిగిన పిన్నుకు జిగురు ఒక్కటే చాలదు. రెండు ముక్కల్లోనూ 0.8 మిల్లీమీటర్ల రంధ్రం చేతి డ్రిల్లుతో మెల్లగా వేసి, అంతే లావు ఇత్తడి తీగ పెట్టి, ఎపాక్సీతో అతికించి ఒక రోజు కదపకుండా ఉంచాలి.

శుభ్రం చేయడం

మెత్తని మేకప్ బ్రష్‌తో దుమ్ము దులిపితే వారానికి సరిపోతుంది. జిడ్డు ఉంటే గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల గిన్నెల సబ్బు, మెత్తని బట్ట. లోహ భాగాలున్నవి నీళ్లలో ముంచకండి, స్క్రూ తుప్పు పడితే గోధుమ చార బయటికి కారుతుంది. నెయిల్ పాలిష్ రిమూవర్, థిన్నర్ దగ్గరికి రానివ్వకండి. కాక్‌పిట్ గాజుకు స్పిరిట్ తగిలినా సాలెగూడు లాంటి పగుళ్లు రావచ్చు.

దాచడం

ఎండ తగిలితే తెల్ల ప్లాస్టిక్ పసుపెక్కుతుంది. వేడి దాన్ని ఇంకా తొందరచేస్తుంది. వేసవిలో అటక మీద, రేకు కప్పు కింద పెట్టకండి. కలింగపట్నం, బారువ, చింతపల్లి లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఉప్పుగాలి కూడా తోడవుతుంది. లోహపు కడ్డీలున్న బొమ్మ అక్కడ కిటికీ పక్క షోకేసులో ఉండకూడదు.

కలరా ఉండలు, కర్పూరం బీరువాలో వేసే అలవాటు మనవాళ్లకి ఉంది. బొమ్మలున్న బీరువాలో వద్దు. ఆ ఆవిరి పాలిస్టైరీన్ తరహా ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. చెదలు పెట్టెకు రాకుండా ఉండాలంటే గోడకు నాలుగు వేళ్ల దూరం, నేలకు జానెడు ఎత్తు వదలడమే మేలు.

మూత గట్టిగా పడే 20 లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలో 50 గ్రాముల సిలికా జెల్, పక్కన చిన్న తేమ మీటరు. 40 నుంచి 55 శాతం మధ్య ఉంటే మంచిది. నారింజ రంగు సిలికా జెల్ గింజలు ఆకుపచ్చగా మారితే తేమ నిండినట్టు. ఎండలో పెడితే సరిగా ఆరవు. ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర రంగు తిరిగి వచ్చేదాకా ఉంచాలి. వంట పాత్ర మాత్రం వాడకండి.

రబ్బరులా మెత్తగా ఉన్న పీవీసీ భాగాలు, టైర్లు, పైలట్ బొమ్మ గట్టి ప్లాస్టిక్‌కీ థర్మోకోల్‌కీ నెలల తరబడి ఆనుకుని ఉండకూడదు. పీవీసీలోని మెత్తదనపు నూనె బయటికొచ్చి వాటిని కరిగిస్తుంది, జిగురు ముద్ర పడుతుంది. మధ్యలో తెల్లకాగితం పెట్టండి. ఇలాంటి భాగాలు ఎక్కువున్న డబ్బాను నెలకోసారి తెరిచి గాలి తగలనివ్వండి. మిసైల్ లాంచర్ల స్ప్రింగ్ వదిలేసి, గేర్ మడిచి, బటన్ బ్యాటరీలు తీసేసి, ఫైటర్ రూపంలోనే దాచండి. రోబోగా నెలల తరబడి నిలబెడితే తుంటి జాయింట్లు వదులవుతాయి.

అక్టోబర్ వచ్చిందంటే తుపాను సంగతి మరవకూడదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ ఈ ప్రాంతాన్ని ఎలా చేశాయో మనకు తెలుసు. దసరా సెలవుల్లోనే డబ్బాలను కిటికీల్లేని లోపలి గోడ పక్కన, మంచం ఎత్తుకు మార్చండి. మూత అంచున టేపు చుట్టండి. కరెంటు పోయి ఏసీ ఆగితే డబ్బా తెరవొద్దు, లోపలి సిలికా జెల్ పని అది చేసుకుంటుంది. కరెంటు వచ్చి గది ఆరిన రెండో రోజు తెరిచి, ముందు స్క్రూ తలలు, ఆ తర్వాత భుజం పిన్నులు చూడండి. తెల్లని పొడి కనిపిస్తే అది లోహం తుప్పు, పొడి బ్రష్‌తో దులిపి కొత్త సిలికా జెల్ వేయండి.