కౌజు పిల్లలు తిండి పట్టక చస్తున్నాయా? లక్షణం నుంచి కారణానికి, కారణం నుంచి మందుకు

అప్పుడే పొదిగిన కోడిపిల్ల 40 గ్రాముల దాకా తూగుతుంది. కౌజు పిల్ల 7 నుంచి 9 గ్రాములే. ఐదు వారాలు తిరిగేసరికి అదే పిల్ల 180-200 గ్రాముల పిట్ట కావాలి. అందుకే మొదటి మూడు వారాలు దాణాలో 24 నుంచి 27 శాతం ప్రొటీన్ ఉండాలంటారు. ఈ లెక్క తెలిసినవాళ్లు పిల్లలు రాలిపోతుంటే వెంటనే దాణా మార్చేస్తారు. కానీ మొదటి వారంలో పోయే పిల్లల్లో చాలావాటికి దాణా నాసిరకం కావడం కారణం కాదు. ఎంత మంచి దాణా అయినా అది వాటి కడుపులోకి వెళ్లి ఉండదు.

కాబట్టి ముందు క్రాప్ చూడండి. మెడ కింద, ఛాతీ మొదట్లో మేత నిలవ ఉండే సంచి అది. సాయంత్రం అక్కడక్కడా ఓ పదిహేను, ఇరవై పిల్లల్ని పట్టుకుని, అరచేతిలో పెట్టుకుని, చూపుడు వేలితో మెల్లగా తడమండి. నిండుగా, మెత్తగా తగిలితే మేతా నీళ్లూ రెండూ అందుతున్నాయి. గట్టిగా పలుకులు పలుకులుగా తగిలితే మేత ఉంది, నీళ్లు లేవు. తిత్తిలా వదులుగా ఊగితే నీళ్లే తాగింది. ఏమీ తగలకపోతే అసలేమీ తినలేదు. ఈ నాలుగింట్లో ఏదో తేలాక మిగతా పని సులువు.

క్రాప్ ఖాళీ, పిల్లలన్నీ ఒకదాని మీద ఒకటి ముద్దగా పడుకున్నాయి

ఇది చలి. చలేసిన పిల్ల మేత దగ్గరికి రాదు, గుంపు వదలదు. అడుగున పడ్డవి నలిగి చస్తాయి. తెల్లవారుజామున బ్రూడర్ (పిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టె) తెరిస్తే ఒకే మూల కుప్పగా చచ్చి ఉన్నాయంటే రోగం కోసం వెతకక్కర్లేదు.

మొదటి వారం పిల్ల వీపు ఎత్తులో 35 నుంచి 37 డిగ్రీలు ఉండాలి. థర్మామీటర్ గోడకు కాదు, ఆ ఎత్తులో వేలాడదీయండి. తర్వాత వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. ఈ మధ్య తరచూ జరిగే పొరపాటు ఒకటుంది: పాత ఫిలమెంట్ బల్బు కాలిపోతే దాని జాగాలో ఎల్‌ఈడీ పెడతారు. వెలుతురు బ్రహ్మాండంగా ఉంటుంది, వేడి మాత్రం ఉండదు. ఫిలమెంట్ బల్బు గానీ, బ్రూడింగ్ కోసం అమ్మే ఇన్‌ఫ్రారెడ్ బల్బు గానీ పెట్టాలి. కరెంటు పోతే బొగ్గుల కుంపటి పెట్టుకోవచ్చు. పొగ, విషవాయువు బయటికి పోయే దారి మాత్రం తప్పకుండా ఉండాలి.

దీనికి ఎదురు లక్షణం మన ఏప్రిల్, మే నెలల్లో కనబడుతుంది. పిల్లలు బల్బుకు దూరంగా అంచులకు పోయి, రెక్కలు వాల్చి, నోళ్లు తెరిచి రొప్పుతుంటాయి. అప్పుడూ మేత ముట్టవు. పగలు బల్బు పైకి ఎత్తేయండి, అవసరమైతే ఆర్పేయండి. కానీ మొదటి వారం రాత్రుళ్లు మేత, నీళ్లు కనబడేలా లైటు ఉండాలి.

వేడి సరిగానే ఉంది, పిల్లలు ముక్కుతో పొడుస్తాయి, వదిలేస్తాయి

పలుకు పెద్దదైంది. బ్రాయిలర్ ప్రీ-స్టార్టర్ క్రంబ్, అంటే మాంసం కోళ్ల పిల్లలకు మొదటి రోజుల్లో వేసే పలుకు దాణా, కోడిపిల్ల ముక్కుకు సరిపోతుంది గానీ కౌజు పిల్ల మింగలేదు. మిక్సీలో రెండు మూడు సార్లు పల్స్ కొట్టి జల్లెడ పట్టండి. ఉప్మా రవ్వంత ఉంటే చాలు. మరీ పిండి చేయకండి. పిండి తడి ముక్కుకు అంటుకుని గట్టిపడుతుంది, పిల్ల నోరు తెరవలేక అల్లాడుతుంది.

మొదటి మూడు, నాలుగు రోజులు మేత ట్రేలోనే పెట్టి ఊరుకోవద్దు. కింద పరిచినదాని మీద కూడా పలచగా చల్లండి, నడుస్తూ పొడుచుకుని నేర్చుకుంటాయి. పరిచేది న్యూస్‌పేపర్ కాకూడదు. అది జారుతుంది, కాళ్లు చెరోవైపు చీలిపోతాయి. అట్టపెట్టెల్లోని గరుకు అట్ట గానీ, ఉతికిన గోనెసంచి గానీ పనికొస్తుంది. వరి ఊక పరిచి పైన ఏమీ కప్పకుండా వదిలేస్తే మేత అనుకుని అదే తింటాయి. క్రాప్ నిండుగా ఉంటుంది, పిల్ల ఆకలితో చస్తుంది.

క్రాప్ గట్టిగా ఉంది, పిల్లలు డీలాగా ఉన్నాయి

నీళ్లు అందడం లేదు. డ్రింకర్ అంచు ఎత్తుగా ఉందేమో చూడండి. లోతైన గిన్నె పెడితే మునిగిపోతాయి, కాబట్టి లోతు లేని మూత పెట్టి అందులో గోళీలో శుభ్రమైన గులకరాళ్లో వేయండి. ముక్కు మునగాలి, పిల్ల మునగకూడదు. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి. దూరం నుంచి తెచ్చిన పిల్లలైతే దించగానే ముందు ఎలక్ట్రోలైట్ (లవణాల పొడి) కలిపిన నీళ్లు, ఆ వెంటనే మేత.

బాగానే తింటున్నాయి, రెండో వారానికి చిన్నా పెద్దా తేడా, ఈకలు సరిగా రావడం లేదు

ఇప్పుడు దాణాను అనుమానించండి. జపాన్ కౌజు 1974లో ఇజ్జత్‌నగర్ పరిశోధన కేంద్రం ద్వారా మన దేశంలోకి వచ్చింది. ఇన్నేళ్లయినా చాలా మండల కేంద్రాల దాణా షాపుల్లో కౌజుకంటూ బస్తా దొరకదు. ఉన్నదేదో వేస్తారు. నూకల్లో ప్రొటీన్ 8 శాతానికి అటూ ఇటూ. గుడ్ల కోళ్ల పిల్లలకు వేసే లేయర్ చిక్ దాణాలో 20 దగ్గర. అన్నిటికంటే చేటు గుడ్లు పెట్టే కోళ్ల లేయర్ దాణా. ప్రొటీన్ తక్కువన్నది ఒక ఎత్తు, అందులో 3 శాతానికి పైగా కాల్షియం ఉంటుంది. ఒక్క శాతం లోపు సరిపోయే పిల్ల కిడ్నీలు దానికి దెబ్బతింటాయి. 'మా దగ్గర మిగిలింది, నాలుగు రోజులు వేద్దాం' అనే ఆలోచన వద్దు.

దొరికేవాటిలో దగ్గరిది బ్రాయిలర్ ప్రీ-స్టార్టర్, ప్రొటీన్ 22-23 శాతం. దాన్ని పైకి తేవడానికి సులువైన సరుకు కిరాణా కొట్లోనే ఉంది: మీల్ మేకర్. నూనె తీసిన సోయా అది, సగం ప్రొటీనే. 900 గ్రాముల ప్రీ-స్టార్టర్‌కు 100 గ్రాముల మీల్ మేకర్ రవ్వ చేసి కలిపితే 25 శాతం దగ్గరికి వస్తుంది. వంద పిల్లలకు ఇది చాలు, వేల మీద పెంచేవాళ్లు సోయా చెక్క కొనుక్కోవడం మేలు. పచ్చి సోయా గింజలు మాత్రం వద్దు, వాటిలో ప్రొటీన్ అరగనివ్వని పదార్థం ఉంటుంది, వేడికి గానీ పోదు. ఉడికించిన గుడ్డు తురిమి పెట్టడం మంచి పద్ధతే, కానీ బ్రూడర్ వేడికి తొందరగా పాడవుతుంది. పది, పదిహేను నిమిషాల్లో తినేంతే వేసి, మిగిలింది తీసేయండి. చవక ఎండుచేప పొడిలో ఇసుక, ఉప్పు ఎక్కువ. నన్నడిగితే దాని జోలికి పోవద్దు.

కాళ్లలో తేడా, మెడ వంకర

వేళ్లు లోపలికి ముడుచుకుని మడమల మీద నడుస్తుంటే బి2 విటమిన్ లోపం. తొందరగా పట్టుకుని నీళ్లలో బి-కాంప్లెక్స్ ఇస్తే చాలావరకు కోలుకుంటాయి, ముదిరితే తిరగవు. ఎముక మెత్తబడి కుంటుతుంటే డి3, కాల్షియం, ఫాస్ఫరస్ సంగతి చూడాలి. మెడ వెనక్కి విరిచి ఆకాశం చూస్తుంటే బి1 లోపం కావచ్చు. తల వణుకుతూ పక్కకు పడిపోతుంటే విటమిన్ ఇ అనుమానించండి. ముక్కిపోయిన నూనె, తవుడు కలిసిన దాణాలో అది ముందే నశిస్తుంది.

రెట్ట అంటుకోవడం, విరేచనాలు

వెనక రెట్ట ఎండి అంటుకుంటే గోరువెచ్చని నీళ్లలో దూది ముంచి నానబెట్టి తీయండి, లాగితే చర్మం ఊడొస్తుంది. తర్వాత బ్రూడర్ వేడి సరిచూడండి, ఎక్కువసార్లు కారణం అదే. రెట్టలో నెత్తురున్నా, తెల్లటి నీళ్ల విరేచనాలతో వరసగా చస్తున్నా దాణా మారిస్తే తగ్గేది కాదు. కాక్సీడియోసిస్ (పేగుల్లో పరాన్నజీవి వల్ల వచ్చే రోగం) కావచ్చు, కౌజులకు వచ్చే పేగుపూత కావచ్చు. అప్పుడే చచ్చిన పిల్లను పట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లండి.

వానాకాలంలో ఇంకో సంగతి. మొక్కజొన్న, వేరుశనగ చెక్క కలిసిన దాణాకు చెమ్మ తగిలితే బూజు పడుతుంది, అందులోని అఫ్లాటాక్సిన్ పిల్లల లివర్‌ను తినేస్తుంది. బూజు వాసన వస్తే ఎండబెట్టి వేయకండి, ఎండకు ఆ విషం పోతుందని నమ్మకం లేదు. ఐదు వారాలకు పిట్ట మొత్తం తినేది అర కిలో దాణా అటూ ఇటూ. వంద పిల్లలకు 50 కిలోల బస్తా సరిపోతుంది. అయినా తెరిచిన బస్తా నెలంతా ఉంచకుండా, మొదటి మూడు వారాలకు 20 కిలోలు తెచ్చుకుని, ఆ తర్వాత 20 శాతం ప్రొటీన్ దాణాను నాలుగైదు రోజులు పాతదానితో కలుపుతూ మార్చుకోండి.