ఉద్యోగం చేస్తూ ఇంగ్లీషు మెరుగుపరచుకోవడం ఎలా

ఉద్యోగంలో చేరాక ఇంగ్లీషు మీద పట్టు పెంచుకోవాలనుకునే తెలుగువారిలో చాలామంది వ్యాకరణ పుస్తకం తెచ్చుకుని మొదటి పాఠం నుంచి మొదలుపెడతారు, పని ఒత్తిడి పెరగగానే ఆ పుస్తకం మూలన పడుతుంది. బడిలో పదేళ్లు ఇంగ్లీషు చదివినవారికి నియమాలు చాలావరకు తెలుసు. రోజూ పనిలో అవసరమయ్యే మాటలను తడుముకోకుండా చెప్పే అలవాటే వారికి లేదు, కనుక సాధన అక్కడి నుంచే మొదలుకావాలి.

మొదటి వారం కొత్తగా ఏమీ నేర్చుకోవద్దు. ఇంగ్లీషులో మాట్లాడవలసి వచ్చి ఆగిపోయిన ప్రతి సందర్భాన్నీ, అప్పుడు చెప్పదలచుకున్న మాటను తెలుగులోనే, ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. లెక్కల విభాగంలో ఉన్నవారికి రావలసిన బిల్లు గురించి ఫోనులో అడగడం, ఆసుపత్రి నర్సుకు డ్యూటీ మారేటప్పుడు రోగి పరిస్థితిని అప్పగించడం, ప్రాజెక్టులో ఉన్నవారికి పని ఎంతవరకు వచ్చిందో కాల్‌లో చెప్పడం వంటి కొద్ది సందర్భాలే మళ్లీమళ్లీ వస్తున్నాయని వారం తిరిగేసరికి మీకే తెలుస్తుంది.

ఇక ఒక్కొక్క మాటనూ పట్టుకుని పని చేయాలి. ‘ఫైలు నిన్ననే పంపాను, వాళ్లు ఇంకా చూడలేదు, సాయంత్రంలోగా చూసి పంపుతారు’ అన్న మాటనే తీసుకోండి. ఇంగ్లీషులో ఇది ‘ఐ సెంట్ ద ఫైల్ ఎస్టర్‌డే. దే హావెంట్ చెక్డ్ ఇట్ ఎట్. దే విల్ చెక్ ఇట్ అండ్ సెండ్ ఇట్ బ్యాక్ బై దిస్ ఈవెనింగ్’ అవుతుంది. తెలుగులో ‘పంపాను’ అంటే చాలు, ‘నేను’ అందులోనే ఉంటుంది, ఫైలును మళ్లీ చెప్పనక్కరలేదు. ఇంగ్లీషు వాక్యం కర్తనూ వదలదు, ‘సెండ్’ వంటి క్రియ వచ్చినచోట కర్మనూ వదలదు. అందుకే మనవారు ‘ఐ విల్ సెండ్’ అని ఆపినప్పుడు ఆ వాక్యం సగంలో తెగినట్టు వినిపిస్తుంది. పైగా మన ‘పంపాను’ ఒక్కటే ‘సెంట్’కూ ‘హావ్ సెంట్’కూ సరిపోతుంది. నిన్న, సోమవారం, పోయిన నెల అంటూ గడిచిపోయిన కాలాన్ని చెప్పినప్పుడు మాత్రం ఇంగ్లీషులో ‘సెంట్’ అనే అనాలి. ‘ఐ హావ్ సెంట్ ఇట్ ఎస్టర్‌డే’ అన్నది మన ఆఫీసుల్లో తరచూ వినిపించే పొరపాటు. ‘దాని గురించి చర్చించాం’ అన్న తెలుగు అలవాటు మీద ‘డిస్కస్డ్ అబౌట్ ఇట్’ అనేయడమూ ఇలాంటిదే, ‘డిస్కస్డ్ ఇట్’ అంటే సరిపోతుంది. ఇలా తెలుగు ఎక్కడ అడ్డు వస్తోందో గుర్తించి సరిచేసుకున్న పది వాక్యాలు, అర్థాలతో బట్టీపట్టిన వంద విడి మాటల కన్నా ఎక్కువ పనికొస్తాయని నా గట్టి నమ్మకం.

సరిచేసిన వాక్యాలను పైకి చదవండి. తెలుగు మాటలు సాధారణంగా అచ్చుతో ముగుస్తాయి కనుకనే బస్, బ్యాంక్ మన నోట బస్సు, బ్యాంకు అయ్యాయి. ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు ఆ చివరి అచ్చును ఆపుకోవాలి. భూతకాల క్రియల చివర పలికే తీరు మూడు రకాలుగా ఉంటుంది: ‘వర్క్ట్’, ‘ప్లేడ్’, ‘వాంటిడ్’. రాతలో మూడింటి చివరా అవే అక్షరాలు ఉన్నాయని ‘వర్కెడ్’ అనకూడదు. ఊనిక, అంటే మాటలో ఒక అక్షరాన్ని నొక్కి పలకడం (స్ట్రెస్), ఇంకా ముఖ్యం. ‘ఫొటోగ్రాఫ్’లో అది మొదటి అక్షరం మీద, ‘ఫొటోగ్రఫీ’లో రెండో అక్షరం మీద పడుతుంది. అది మారితే విదేశీ శ్రోతకు తెలిసిన మాట కూడా అందకపోవచ్చు. యాస గురించి మాత్రం బెంగపడనక్కరలేదు. మాట స్పష్టంగా ఉంటే తెలుగు యాస ఎవరికీ అడ్డు కాదు.

వినడానికి చిన్న ఆడియో చాలు. 1943 నుంచి ఇంగ్లీషు పాఠాలు ప్రసారం చేస్తున్న బీబీసీ లర్నింగ్ ఇంగ్లిష్ తన కార్యక్రమాలు అనేకం రాతప్రతితో సహా ఉచితంగా అందిస్తోంది. రెండు నిమిషాల భాగాన్ని మొదట రాత చూడకుండా, తరువాత చూస్తూ వినండి, ఆపైన వక్త వెనకే గొంతు కలిపి పలకండి. సినిమాలు సరదాకు చూడవచ్చు గాని, సాధనకు అంత పొడవు పనికిరాదు.

ఎంతకాలం పడుతుందన్నది అందరూ అడిగే ప్రశ్న. భాష ఎంత వచ్చో చెప్పడానికి ఐరోపా మండలి రూపొందించిన కొలమానంలో ఏ1 నుంచి సీ2 వరకు ఆరు స్థాయిలున్నాయి. ఒక స్థాయి నుంచి పై స్థాయికి చేరడానికి, ఉపాధ్యాయుల మార్గదర్శనంలో సుమారు 200 గంటలు పడుతుందని కేంబ్రిడ్జ్ పరీక్షల సంస్థ అంచనా. రోజుకు 40 నిమిషాల చొప్పున అది 300 రోజులు. నెలలో అనర్గళంగా మాట్లాడిస్తామనే ప్రకటనలకు డబ్బు కట్టేముందు ఈ లెక్క చూసుకోండి.

ఇంగ్లీషు ఎంత వచ్చో కొలిచే ఐఈఎల్‌టీఎస్ వంటి పరీక్షలను విదేశీ ఉద్యోగమో చదువో వీసాయో అడిగినప్పుడే రాయండి. బ్రిటన్ వెళ్లదలచిన నర్సులు దాని బదులు వైద్యరంగం కోసమే రూపొందించిన ఓఈటీ అనే ఇంగ్లీషు పరీక్ష రాయవచ్చు. ఐఈఎల్‌టీఎస్ ఫలితాన్ని సాధారణంగా రెండేళ్ల వరకే అంగీకరిస్తారు కనుక, దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో తేలాకే పరీక్ష తేదీ ఎంచుకోవడం మంచిది.