కంటి క్యాన్సర్‌కి మందు చుక్కలు వేశాక కన్ను ఎర్రబడితే ఏం చేయాలి?

నాన్నకి కంట్లో కండ పెరిగిందనుకున్నాం. తీరా పరీక్ష చేస్తే నల్లగుడ్డు అంచున మొలిచిన క్యాన్సర్ పొర అని తేలింది. డాక్టర్లు దాన్ని ఓఎస్‌ఎస్‌ఎన్ అంటారు. ఏళ్ల తరబడి ఎండలో పనిచేసినవాళ్లకి ఎక్కువగా వస్తుందట. మైటోమైసిన్ చుక్కలు రాశారు. వేసే పని నాది. ఆ నెలల్లో చూసినవీ, అడిగి తెలుసుకున్నవీ రాస్తున్నాను. డోసు మాత్రం మీ డాక్టరు చెప్పిందే.

కన్ను ఎర్రబడి, ఇసుక పోసినట్టు గరగరలాడుతోంది

అందరికీ ముందు టెన్షన్ పెట్టేది ఇదే, చాలావరకు మామూలుదీ ఇదే. ఈ మందు పని వేగంగా పెరిగే కణాల్ని చంపడం. కంటి పైపొర కణాలు కూడా రోజూ పుడుతూనే ఉంటాయి కాబట్టి వాటికీ దెబ్బ తగులుతుంది. అందుకే మధ్యలో సెలవు. నాన్నకి రోజుకి 4 సార్లు చొప్పున ఒక వారం చుక్కలు, తర్వాతి వారం విశ్రాంతి. ఇదే జబ్బుకి వాడే మరో మందు 5-ఎఫ్‌యూ అయితే వారం వేసి మూడు వారాలు ఆపడం ఒక పద్ధతి. ఇంకో మందు ఇంటర్‌ఫెరాన్ కంటిని ఇంతగా బాధపెట్టదు.

ప్రిజర్వేటివ్ లేని కన్నీటి చుక్కలు (కంటిని తడిగా ఉంచేవి) వాడండి. మందు చుక్కకీ దానికీ పది నిమిషాల ఎడం ఉంచండి. ఎరుపు మరీ ఎక్కువైతే డాక్టరు కొద్దిరోజులు స్టెరాయిడ్ చుక్కలు ఇస్తారు. మెడికల్ షాపులో సొంతంగా కొనొద్దు.

వంటింటి క్యాలెండర్‌లో చుక్క వేసే రోజులకి సున్నా, సెలవు రోజులకి అడ్డగీత పెట్టాను. ఒకరోజు నాన్న సీసా తీసుకొచ్చి, "ఇంకా ఎర్రగానే ఉందమ్మా, ఇంకో రెండు రోజులు వేస్తే పోదూ?" అన్నారు. అడ్డగీత చూపించి సీసా తీసేసుకున్నాను. ఎరుపు తెచ్చిందే ఆ మందు మరి!

రెప్ప కింద చర్మం ఎర్రబడి పొలుసులు రాలుతోంది

చుక్క బయటికి కారుతోంది. వేసే ముందు రెప్పల చర్మానికి పల్చగా వాజెలిన్ రాయండి, కారింది వెంటనే తుడవండి.

సెలవు వారంలోనూ నీళ్లు ఆగడం లేదు

కన్ను పొడిబారినా నీళ్లు కారతాయి, వినడానికి వింతే. కన్నీటి చుక్కలతో అది తగ్గాలి. తగ్గకపోతే ముక్కు వైపు మూలన కన్నీరు దిగే సన్నని రంధ్రాన్ని అనుమానించాలి. మైటోమైసిన్ దాన్ని మూసుకుపోయేలా చేయగలదు. అందుకే కొందరు డాక్టర్లు ముందే అందులో చిన్న ప్లగ్ పెడతారు. చుక్క వేశాక కళ్లు మూయించి ఆ మూలని రెండు మూడు నిమిషాలు వేలితో నొక్కి పట్టడం కూడా ఇందుకే, మందు అటు దిగకుండా. ఒకసారి మూసుకుపోతే ఇంటి చిట్కా లేదు, డాక్టరే తెరవాలి.

నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, మసక

ఇక్కడ ఆగండి. నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనిపించినా, చూపు తగ్గినా తర్వాతి చుక్క వేయకముందే ఫోన్ చేసి, ఆరోజే వెళ్లండి. పుండు కావచ్చు.

నెలల తర్వాత మెల్లగా మసకేస్తుంటే కారణం వేరు. నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలు తగ్గిపోతే పైపొర మళ్లీ సరిగా పుట్టదు. దీనికి వైద్యం ఉంది. బాగున్న రెండో కంటి నుంచి చిన్న ముక్క తీసి, తునకలు చేసి అమర్చే స్లెట్ పద్ధతిని 2012లో హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి డాక్టర్లే ప్రచురించారు. అయితే క్యాన్సర్ పూర్తిగా పోయిందని తేలాకే ఆ మాట ఎత్తుతారు.

రేడియేషన్ తీసుకున్నవాళ్లకి

కన్నీటి గ్రంథి దెబ్బతింటే పొడి చాలాకాలం ఉండిపోతుంది. పగలు చుక్కలు, రాత్రి జెల్ అలవాటు చేసుకోవాలి.

సీసా సంగతి

మైటోమైసిన్ ఊదారంగులో ఉంటుంది. రంగు మారినా, గడువు దాటినా వేయకండి, ఫార్మసీకి తిరిగివ్వండి. ఫ్రిజ్‌లో మూత ఉన్న డబ్బాలో, పిల్లలకి అందకుండా పెట్టండి. వేసేటప్పుడు గ్లోవ్స్ తప్పనిసరి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ సీసాని ముట్టుకోనివ్వకండి.