టర్బో రెక్కలు దెబ్బతిన్నాయా? మూలం దొరికాకే కొత్తది బిగించండి

టర్బో పోయిందని కొత్తది వేయిస్తే, నెల తిరక్కుండా అదీ పోయిందనే మాట డీజిల్ కార్లవాళ్ల దగ్గర తరచూ వినిపిస్తుంది. కొత్త టర్బో నాసిరకమని అనుకోవడం సహజమే. కానీ మొదటిదాన్ని దెబ్బకొట్టిన వస్తువో, అది విరిగినప్పటి ముక్కలో పైపుల్లోనే ఉండిపోతే, ఎంత మంచి కంపెనీ టర్బో అయినా నిలవదు.

టర్బోలో ఒకే షాఫ్ట్ మీద రెండు చక్రాలుంటాయి: ఎగ్జాస్ట్ గ్యాస్ తిప్పే టర్బైన్, ఇంజిన్‌లోకి గాలి నెట్టే కంప్రెసర్. చిన్న డీజిల్ కారు టర్బో నిమిషానికి 2 లక్షల చుట్లు దాటి తిరగగలదు. 40 మిల్లీమీటర్ల చక్రం ఆ వేగంలో ఉంటే రెక్క అంచు సెకనుకు దాదాపు 420 మీటర్లు పోతుంది, అంటే ధ్వని కన్నా వేగంగా. అక్కడ ఇసుక రేణువు కూడా నొక్కు పెడుతుంది. నొక్కు పడ్డ రెక్క నుంచి మిల్లీగ్రాముల లోహం పోయినా చక్రం బ్యాలెన్స్ తప్పుతుంది, షాఫ్ట్ ఊగుతుంది, బేరింగ్‌లో ఆయిల్ పొర తెగుతుంది. ఆ తర్వాత సీళ్లు ఆయిల్‌ను ఆపలేవు. అందుకే రెక్కకు తగిలిన దెబ్బ చివరికి సైలెన్సర్‌లో నీలం పొగగా బయటపడుతుంది.

సమస్య: సైరన్ లాంటి ఈల, పికప్ తగ్గడం, నల్ల పొగ

ముందు హోస్‌లు చూడండి. టర్బో నెట్టే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ హోస్ చీలినా, క్లిప్ వదులైనా ఇవే లక్షణాలు వస్తాయి. వాటిలో తేడా లేకపోతే, ఇంజిన్ పూర్తిగా చల్లారాక, ఎయిర్ ఫిల్టర్ నుంచి టర్బోకు వచ్చే హోస్ విప్పి టార్చి వేయండి. ఇంజిన్ తిరుగుతుండగా ఆ నోట్లో వేలు పెట్టకూడదు.

కంప్రెసర్ చక్రం ముందంచులు చూస్తే ఏం తగిలిందో తెలిసిపోతుంది. అంచు అక్కడక్కడా చిరిగి, నొక్కులు పడి ఉంటే గట్టి వస్తువు: నట్టు, వాషర్, క్లిప్ స్క్రూ, పాత చక్రం ముక్క. రెక్కలు విరగకుండా తిరిగే దిశకు ఎదురుగా మడతపడి ఉంటే మెత్తటిది: గుడ్డ పీలిక, ఫిల్టర్ కాగితం. అంచులన్నీ ఒకేలా అరిగి, బ్లేడులా పలచబడి మెరుస్తుంటే వస్తువు కాదు, దుమ్ము. ముందంచులు శుభ్రంగానే ఉండి, రెక్కల పక్క అంచులు, వాటికి ఎదురుగా హౌసింగ్ గోడ గీసుకుపోయి ఉంటే బయటి వస్తువు పని కాదు. బేరింగ్ అరిగి చక్రం గోడకు రాసుకుంది, ఆయిల్ వైపు వెతకాలి. ఈ చివరి తేడా తెలియక ఆయిల్ అందక పోయిన టర్బోకు ఎయిర్ ఫిల్టర్ మార్చి పంపేస్తుంటారు.

షాఫ్ట్‌ను వేళ్లతో పట్టుకుని కదపండి. పక్కలకు కొద్దిగా ఊగడం మామూలే, ఎందుకంటే బేరింగ్ ఆయిల్ పొర మీద తేలుతుంది. గోడకు తగిలేంత ఊగకూడదు. ముందుకు వెనక్కి లాగితే దాదాపు కదలిక తెలియకూడదు, డయల్ గేజ్‌లో సాధారణంగా 0.1 మి.మీ. లోపే ఉండాలి. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో కచ్చితమైన హద్దు ఉంటుంది.

మూలం ఎక్కడ? ఫిల్టర్ పెట్టె తెరవండి. పల్లెల్లో, ధాన్యం కళ్లాల పక్కన నిలిపే బండ్లలో ఎలుకలు ఫిల్టర్ పెట్టెలో కాపురం పెట్టి కాగితం కొరికేస్తాయి. వడ్లు, వేరుశనగ తొక్కలు మురికి వైపు ఉంటే ఊడ్చేసి ఫిల్టర్ మార్చితే చాలు, శుభ్రమైన వైపు కనిపిస్తే అవి టర్బో దాకా వెళ్లినట్టే. రెండో మూలం గ్యారేజీ. హోస్ విప్పినప్పుడు దుమ్ము పడకుండా వేస్ట్ కాటన్ కుక్కి, బిగించేటప్పుడు తీయడం మర్చిపోతారు. గుడ్డ బదులు బయటి నుంచి కప్పే ప్లాస్టిక్ మూత వాడాలి. విప్పిన నట్లు, క్లిప్‌లు ట్రేలో వేసి లెక్క సరిపోయాకే స్టార్ట్ చేయాలి. లో ప్రెషర్ ఈజీఆర్ (ఎగ్జాస్ట్ గ్యాస్‌లో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు) ఉన్న ఇంజిన్లలో సైలెన్సర్ వైపు నుంచి వచ్చే గ్యాస్ కూడా కంప్రెసర్‌లోకే పోతుంది. ఆ దారిలోని జాలీ చిరిగిందేమో చూడాలి.

సమస్య: కంప్రెసర్ బాగానే ఉంది, కానీ ఈల, బలహీనత, ఒక సిలిండర్ తడబాటు

ఎగ్జాస్ట్ వైపు చూడాలి. గ్యాస్ టర్బైన్ చక్రంలోకి చుట్టుపక్కల నుంచి వస్తుంది కాబట్టి గట్టి ముక్క లోపలికి దూరలేక బయటి అంచులనే కొరుకుతుంది. సైలెన్సర్ వైపు నుంచి చూస్తే చక్రం చక్కగా కనిపించి మోసం చేస్తుంది. హౌసింగ్ విప్పాలి, లేదా ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వైపు నుంచి బోర్‌స్కోప్ (సన్నని గొట్టం కెమెరా) పెట్టాలి.

ఇక్కడికి వచ్చే వస్తువులు ఇంజిన్ లోపలివే: విరిగిన ఇంజెక్టర్ మొన, గ్లో ప్లగ్ కొస, వాల్వ్ ముక్క, రింగు ముక్క, పెట్రోల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ పింగాణీ. లేదా కొత్త మానిఫోల్డ్‌లో మిగిలిన వెల్డింగ్ పొక్కు, పాత గ్యాస్కెట్ పేలిక. కాబట్టి టర్బో మార్చే ముందే గ్లో ప్లగ్‌లు, ఇంజెక్టర్లు తీసి కొసలు పూర్తిగా ఉన్నాయో లేదో చూడండి, ప్రతి సిలిండర్‌కు కంప్రెషన్ ప్రెషర్ కొలవండి, ఆ రంధ్రాల్లోంచే పిస్టన్ తలపై గాట్లున్నాయేమో చూడండి. పిస్టన్ మీద గాటు ఉంటే టర్బో ఖర్చు పెట్టే ముందు ఇంజిన్ సంగతి తేల్చాలి. టర్బైన్ ముక్కలు క్యాటలిటిక్ కన్వర్టర్ లేదా డీపీఎఫ్ (మసి పట్టే ఫిల్టర్) ముఖం మీద ఆగుతాయి. దాన్ని కూడా తీసి చూడండి.

సమస్య: నీలం పొగ, ఆయిల్ తగ్గిపోవడం

ఇంటర్‌కూలర్ హోస్‌లో పలచటి ఆయిల్ పొర మామూలే, క్రాంక్‌కేస్ బ్రీదర్ (ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి పోయే గొట్టం) నుంచి వస్తుంది. హోస్ విప్పగానే ఆయిల్ కారితే మాత్రం ఇంజిన్ స్టార్ట్ చేయకండి. సీలు దాటిన ఆయిల్‌ను తాగి డీజిల్ ఇంజిన్ తనంతట తాను వేగం పుంజుకోవచ్చు, తాళం తీసినా ఆగకపోవచ్చు. అలా జరిగితే, మాన్యువల్ గేర్ బండి అయితే బ్రేకు గట్టిగా తొక్కి, పై గేరు వేసి క్లచ్ వదిలి ఆపాలి. అది వీలు కాకపోతే అందరూ దూరంగా జరగాలి.

బాగుచేసే క్రమం

మడతపడ్డ రెక్కను ప్లయర్‌తో సరిచేయడం, ఆకురాయితో నొక్కులు నున్నగా చేయడం చేయకండి, బ్యాలెన్స్ ఇంకా చెడుతుంది. ఒక్క చక్రం మార్చడం కూడా వద్దు. మెషీన్ మీద బ్యాలెన్స్ చేసిన పూర్తి కోర్ (చక్రాలు, షాఫ్ట్, బేరింగ్ కలిసిన మధ్య భాగం) గానీ, కొత్త టర్బో గానీ వేయాలి.

విరిగిన రెక్కల ముక్కలను పళ్లెంలో పేర్చి చక్రంతో పోల్చండి. ఎంత తక్కువైందో అంతా పైపుల్లో ఉంది. హోస్‌లన్నీ విప్పి కడగాలి. ఇంటర్‌కూలర్ సన్నని గొట్టాల్లో, వాటిలోని పలచటి రేకుల్లో అల్యూమినియం ముక్కలు ఇరుక్కుంటాయి. డీజిల్ పోసి కడిగినా, ఎయిర్ కొట్టినా అన్నీ రావు, తర్వాత ఊడి ఇంజిన్‌లోకి, అక్కడి నుంచి టర్బైన్‌లోకి పోతాయి. చక్రం ముక్కలైన బండికి ఇంటర్‌కూలర్ మార్చడమే సరైనది, ఇక్కడ మిగిల్చిన డబ్బు రెండో టర్బోకు పోతుంది.

ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ మార్చండి. ఆయిల్ పైపును, దాని బోల్టులో చిన్న జాలీ ఉంటే దాన్ని కూడా కొత్తవి వేయండి. ఆయిల్ దారుల్లో సిలికాన్ సీలెంట్ వాడొద్దు, ఊడిన ముక్క రంధ్రం మూసేస్తుంది. బిగించే ముందు టర్బో రంధ్రంలో కొత్త ఇంజిన్ ఆయిల్ పోస్తూ చక్రాన్ని వేలితో తిప్పండి. ఇంధనం ఆపి 10-15 సెకన్ల చొప్పున కొన్నిసార్లు స్టార్టర్ తిప్పి, ప్రెషర్ లైట్ ఆరాక స్టార్ట్ చేసి, 3-5 నిమిషాలు ఐడిల్‌లోనే ఉంచండి.

ఎయిర్ ఫిల్టర్‌కు గట్టిగా ఎయిర్ కొట్టిస్తే కాగితంలో కంటికి కనిపించని చీలికలు వస్తాయి. కొట్టాలంటే శుభ్రమైన వైపు నుంచి మురికి వైపుకు, 30 పీఎస్‌ఐ దాటకుండా, కాస్త దూరం నుంచి. తర్వాత చీకట్లో లోపల బల్బు పెట్టి చూడండి, వెలుతురు చుక్కలా కనిపిస్తే మార్చేయండి. కంపెనీ 40 వేల కి.మీ.కు మార్చమంటే, క్వారీ, కంకర రోడ్ల మీద తిరిగే బండికి 20 వేలకే మార్చండి.

కొత్త టర్బోతో 500 కి.మీ. తిరిగాక హోస్ విప్పి మళ్లీ టార్చి వేయండి. ముందంచు మీద కొత్త నొక్కు కనిపిస్తే, ఏదో ముక్క ఇంకా ఫిల్టర్‌కు, టర్బోకు మధ్య దారిలోనే ఉంది. అక్కడ వెతకండి.