ఆషాఢం గాలుల్లో ఆర్సీ (రిమోట్‌తో నడిచే) ప్లేన్ ఎగరేసే ముందు ఇవి చూసుకోండి

జూన్ వచ్చిందంటే మన దగ్గర పడమటి గాలి మొదలు, పొద్దెక్కేకొద్దీ పెరుగుతుంది, అందుకే ఎగరేస్తే పొద్దున్నే ఎగరేయండి. అయినా గాలి ఉంటే సెట్టింగ్ అంతా ఇంటి దగ్గరే అయిపోవాలి, గ్రౌండ్‌లో స్క్రూడ్రైవర్ తీస్తే లేటే.

ముందు బరువు సంగతి. గాలి అనగానే ముక్కులో సీసం పెట్టేస్తారు చాలామంది, నాకైతే అస్సలు నచ్చదు. ముక్కు బరువైతే ఎలివేటర్ (తోక దగ్గర ముక్కుని పైకీ కిందికీ తిప్పే రెక్క) పైకి ట్రిమ్ చేయాల్సొస్తుంది, అంటే ఎప్పుడూ కాస్త పైకే ఉండేలా సెట్ చేయాలి, ఇక ఎదురుగాలి గట్టిగా తగిలిన ప్రతిసారీ ప్లేన్ పైకి లేచిపోతూ ఉంటుంది. సీజీ (ప్లేన్ బరువు బ్యాలెన్స్ అయ్యే చోటు) మాన్యువల్‌లో చెప్పిన చోటే ఉంచండి, మామూలు హైవింగ్ ట్రైనర్‌కి (రెక్క పైన ఉండే, నేర్చుకునేవాళ్ళ ప్లేన్‌కి) రెక్క ముందంచు నుంచి వెడల్పులో 25–30 శాతం దగ్గర. బరువు పెంచాలంటే కాస్త పెద్ద బ్యాటరీ వేసి సీజీ కదలకుండా సర్దండి. తోక బరువు మాత్రం అస్సలొద్దు.

తర్వాత లూజ్. పవర్ ఆన్ చేసి ఎలివేటర్‌ని వేలితో మెల్లగా కదిపి చూడండి, సర్వో (ఎలివేటర్ లాంటివాటిని కదిపే చిన్న మోటార్) కదలకుండా అంచు మాత్రం ఊగుతుంటే గాలిలో సెంటర్ అనేదే ఉండదు. రెంటినీ కలిపే కడ్డీకి సర్వో ఆర్మ్‌లో లోపలి హోల్, కంట్రోల్ హార్న్‌లో (ఎలివేటర్‌కి బిగించిన ముక్క) బయటి హోల్ వాడితే ఊగడం తగ్గుతుంది, త్రో (అది కదిలే దూరం) సరిపోతుందో లేదో మళ్ళీ చూస్కోండి. రేట్స్ (స్టిక్ పూర్తిగా తిప్పితే ఎంత కదలాలన్న సెట్టింగ్) తగ్గించకండి బాబూ, గాలి రెక్క ఎత్తేసినప్పుడు దించడానికి ఫుల్ ఎయిలరాన్ (రెక్క వెనకంచున కదిలే భాగం) కావాలి. హై రేట్ పెట్టి ఎక్స్‌పో (స్టిక్ మధ్యలో స్పందన మెత్తగా ఉంచే సెట్టింగ్) 30 శాతం దాకా ఇస్తే చాలు, కాకపోతే ఫుటాబా రిమోట్‌లో అది మైనస్, స్పెక్ట్రమ్ రిమోట్‌లో ప్లస్, తిరగేసి పెడితే స్టిక్ సెంటర్లోనే పిచ్చెక్కిపోతుంది.

ప్రాప్ (ప్రొపెల్లర్) కూడా చూడండి. 9000 ఆర్పీఎం దగ్గర 4.5 పిచ్ (ఒక్క చుట్టుకి లెక్కలో ముందుకెళ్ళే దూరం, అంగుళాల్లో) ప్రాప్ లెక్క ప్రకారం గంటకి 62 కి.మీ., 6 పిచ్ అయితే 82. ఎదురుగాలిలో ముందుకెళ్ళాలంటే డయామీటర్ ఒక అంగుళం తగ్గించి పిచ్ పెంచడం మంచిది, మొదటిసారి రెండు నిమిషాలకే దించి మోటార్, ఈఎస్‌సీ (మోటార్ స్పీడ్ కంట్రోలర్) కాలిపోతున్నాయేమో ముట్టుకుని చూడండి.

గైరో (ప్లేన్‌ని తనంతట తానే నిలకడగా ఉంచే పరికరం) ఉంటే కుడి రెక్క చేత్తో కిందికి వంచండి, కుడి ఎయిలరాన్ కిందికి దిగాలి. పైకి లేస్తే రివర్స్ అన్నట్టు, అలా ఎగరేస్తే ఇక అంతే. స్పీడ్‌లో రెక్కలు టకటకా వణికితే గెయిన్ (గైరో ఎంత గట్టిగా సర్దాలన్న సెట్టింగ్) తగ్గించండి.

ఇక ఎగరేసేటప్పుడు అసలు డేంజర్ గాలివాటున వెళ్ళేటప్పుడే. ప్లేన్ స్పీడ్ 50, గాలి 20 అనుకోండి, కింద నుంచి మనకి 70లా కనిపిస్తుంది, రెక్కకి తగిలే గాలి మాత్రం 50యే, అమ్మో అని థ్రాటిల్ తగ్గించి మలుపు తిప్పుతాం, అక్కడే స్టాల్, అంటే స్పీడ్ చాలక రెక్క ఎత్తడం మానేసి ప్లేన్ పడిపోతుంది. ల్యాండింగ్‌కి ఫ్లాప్స్ (నెమ్మదిగా దిగడానికి రెక్క వెనకంచున దించే భాగాలు) వద్దు, నేల తాకేదాకా కొంచెం థ్రాటిల్ ఉంచండి, చెట్ల వరస వెనక (గాలికి చాటు) వైపు నుంచి అస్సలు రావద్దు, అక్కడ గాలి సుడి తిరుగుతుంది.

ఎప్పుడూ మీకు ఎదురుగాలి వైపే ఎగరేయండి, గాలివాటున దూరం పోతే తిరిగి రావడానికే బ్యాటరీ అయిపోతుంది. టైమర్ 8 నిమిషాలుంటే 6కి దించండి.